పాత క్యాసెట్లలోని ఇంటివాళ్ల గొంతులు కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా

అటక మీది పెట్టెలో ఉన్న క్యాసెట్లన్నిటికీ ఒకే తొందర లేదు. కంపెనీలు వేసిన సినిమా పాటలు పక్కన పెట్టేయండి, అవి ఎక్కడైనా దొరుకుతాయి. ముందు పట్టాల్సినవి ఇంట్లో రికార్డు చేసినవి: తాతయ్య పద్యాలు, పిల్లల ముద్దుమాటలు, పెళ్లిలో ఆడవాళ్ల పాటలు, గల్ఫ్ నుంచి ఉత్తరానికి బదులు వచ్చిన మాటలు. పైన రాసిన పేరును నమ్మకండి. షాపులో చీటీ రాసిచ్చి పాటలు నింపించుకున్న క్యాసెట్టులో చివర మిగిలిన నాలుగైదు నిమిషాల్లోనే అమ్మమ్మ గొంతు ఉండొచ్చు. రెండు వైపులా చివరిదాకా వినాల్సిందే.

వినేముందు క్యాసెట్టు వెనక అంచున ఉండే రెండు ప్లాస్టిక్ పలుకులు విరిచేయండి. అవి లేకపోతే రికార్డ్ బటన్ లోపలికి దిగదు, చెయ్యి జారి నొక్కినా ఉన్నది చెరిగిపోదు.

ఇప్పుడొచ్చే చవక యూఎస్‌బీ ప్లేయర్లకు పోకండి. వాటి మోటారు నిలకడగా తిరగదు, గొంతు ఊగుతుంది. ఇంట్లో పాత టూ-ఇన్-వన్ (రేడియో, క్యాసెట్ ప్లేయర్ కలిసిన సెట్టు) ఉంటే దానికి బెల్టు మార్పించడం మేలు. ఏళ్లపాటు మూలన పడున్న సెట్టులో రబ్బరు బెల్టు సాగిపోతుంది, ఒక్కోసారి కరిగి తారులా అంటుకుపోతుంది. తర్వాత రీలు మీది శబ్దాన్ని చదివే హెడ్డు, దాని పక్కన సన్నటి ఇనప కడ్డీ, రబ్బరు చక్రం శుభ్రం చేయాలి. హెడ్డుకూ కడ్డీకీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్ల చాలు. గోధుమరంగు మడ్డి రావడం ఆగేదాకా పుల్లలు మార్చండి. రబ్బరు చక్రాన్ని తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. ఈ చక్రం జిడ్డుగా ఉంటే రీలు దానికి చుట్టుకుని నలుగుతుంది. శుభ్రం చేశాక మొదట ఒక పనికిరాని క్యాసెట్టు వేసి చూడండి.

ఇక రీలు సంగతి. కిటికీలోంచి చూస్తే రీలు అంచున తెల్లటి పొడిలా కనిపిస్తే అది బూజు. దాన్ని మిగతావాటితో కలపొద్దు, మంచి ప్లేయర్‌లో వేయొద్దు. బూజు లేనివాటిని ముందు చివరిదాకా ముందుకు, మళ్లీ వెనక్కి తిప్పండి. అతుక్కున్న పొరలు విడతాయి. బిగుసుకుపోతే పెన్సిలుతో నెమ్మదిగా తిప్పాలి. 90 నిమిషాల రీలు 60 నిమిషాలదానికన్నా పల్చన, 120ది ఇంకా పల్చన. వాటి దగ్గర తొందర పనికిరాదు.

రీలు తెగితే సెల్లోటేపు వేయకండి. దాని జిగురు కారి పక్క పొరకూ హెడ్డుకూ అంటుతుంది. రీలు అతికించే టేపు వేరే ఉంటుంది, అది రీలు వెనక వైపే వేయాలి. శబ్దం మందంగా వచ్చి మధ్యమధ్య మాయమవుతుంటే రీలు వెనక ఉండే చిన్న స్పాంజి ముక్క ఊడిందేమో చూడండి. అయిదు స్క్రూలున్న ఇంకో క్యాసెట్టు విప్పి, ఈ రీళ్లను అందులోకి మార్చేయడమే తేలిక.

ప్లేయర్‌కు లైన్ ఔట్ ఉంటే అందులోంచి, లేకపోతే ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు తీయండి. ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో పెడితే శబ్దం పగులుతుంది. లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనుక్కోండి. గుయ్‌మని మోత వస్తే ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపితే చాలాసార్లు పోతుంది. కంప్యూటర్‌లో రికార్డు చేయడానికి అడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. 44,100 హెర్ట్జ్, 16 బిట్, స్టీరియో పెట్టండి. గంటకు దాదాపు 600 ఎంబీ అవుతుంది. ఎంత గట్టి శబ్దమైనా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. తక్కువైతే తర్వాత పెంచుకోవచ్చు, పగిలింది బాగుపడదు.

‘స’, ‘ష’ మొద్దుగా వినిపిస్తే హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ ఉంటుంది. అది ఎక్కడుందో పెన్నుతో గుర్తుపెట్టుకుని, క్యాసెట్టు పాడుతుండగానే వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పండి. ఆ అక్షరాలు తేటపడ్డ చోట ఆపేయండి. ప్రతి క్యాసెట్టుకూ ఇది మళ్లీ చూడాలి, ఎందుకంటే ఏ సెట్టులో రికార్డు చేశారో దాని హెడ్డు వంపే రీలు మీద ఉంటుంది.

పెద్దాయన గొంతు పిట్ట గొంతులా వస్తోందంటే రికార్డు చేసిననాడు బ్యాటరీలు నీరసించి ఉంటాయి. అప్పుడు రీలు నిదానంగా నడిచింది కాబట్టి ఇప్పుడు వేగంగా వినిపిస్తుంది. అడాసిటీలో వేగం మార్చే సౌకర్యం వాడండి, శ్రుతి (పిచ్) మాత్రమే మార్చేది కాదు. ఎంత తగ్గించాలో చెవికి తేలకపోతే ఆ గొంతు తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి.

సుయ్ శబ్దం తీసేసే ఫిల్టర్లు గట్టిగా వాడితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఎక్కించిన అసలు డబ్ల్యూఏవీ (శబ్దాన్ని కుదించకుండా దాచే) ఫైలును ముట్టుకోకుండా దాచి, దాని నకలు మీదే మార్పులు చేసుకోండి. వాట్సాప్‌లో పంపడానికి ఎంపీ3 చాలు. ఫైలు పేరులో ఏడాది, ఊరు, ఎవరి గొంతో రాయండి. ఆ గొంతులు గుర్తుపట్టగల పెద్దవాళ్లను ఇప్పుడే అడిగి రాసుకోవాలి. రెండు నకళ్లు వేర్వేరు ఇళ్లలో ఉంచండి. అసలు క్యాసెట్లను పూర్తిగా ఒక వైపుకు చుట్టి, డబ్బాలో నిలువుగా, స్పీకర్లకు దూరంగా పెట్టండి. పారేయకండి.