కారులో డాష్‌క్యామ్‌కు (ముందు అద్దం దగ్గర పెట్టే క్యామెరాకు), ఛార్జర్‌కు కరెంటు లాగే ముందు జాగ్రత్తలు

ముందు లెక్క చూసుకోండి. 5 వోల్టులు, 2.4 యాంపుల ఛార్జర్ అంటే 12 వాట్లు. కారు 12 వోల్టుల బ్యాటరీ నుంచి లాగేది ఒక యాంపు పైచిలుకే. 3 యాంపుల ఫ్యూజు చాలు. ఎందుకైనా మంచిదని 15 వేస్తే, షార్టయినప్పుడు ఫ్యూజు కంటే ముందు సన్నవైరే కాలుతుంది.

• తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజును మల్టీమీటర్‌తో వెతకండి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (బ్రేకులది), ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్‌ది) ఫ్యూజుల జోలికి పోవద్దు.

• ఎప్పుడూ కరెంటుండే ఫ్యూజుకు కలిపితే 0.2 యాంపుల క్యామెరా కూడా రోజుకు దాదాపు 5 యాంప్-అవర్లు తింటుంది. 35 యాంప్-అవర్ల బ్యాటరీ నాలుగు రోజుల్లో సగానికి దిగుతుంది. పార్కింగ్ మోడ్ (కారు ఆపి ఉన్నా రికార్డు చేయడం) కావాల్సిందే అంటే, వోల్టేజీ తగ్గగానే కట్ చేసే కిట్ పెట్టండి.

• ఫ్యూజు దొరికాక, పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ విప్పండి. తిరిగి బిగించేటప్పుడు అది చివర.

• వైరు కోసి చుట్టడం వద్దు, ఫ్యూజ్ ట్యాప్ (ఫ్యూజు గూటిలో దూర్చి కొత్త వైరుకు కరెంటు తీసే ముక్క) వాడండి. ఎర్త్ వైరును కారు బాడీకి ఉన్న, పెయింటు లేని ఇనుప బోల్టుకే బిగించండి.

• కర్నూలు, అనంతపురం ఎండకు నల్ల టేపు జిగురు కరిగి జారిపోతుంది, జాయింటు బయటపడుతుంది. హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని వైరును పట్టేసే గొట్టం) వేయండి. క్యామెరా కూడా లిథియం బ్యాటరీది కాకుండా కెపాసిటర్‌ది తీసుకోండి. మూసిన కారులో అద్దం దగ్గర లిథియం ఉబ్బుతుంది.

• ముందు అద్దం పక్క స్తంభంలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ (గుద్దుకున్నప్పుడు పక్కన తెరలా విప్పుకునేది) ఉంటే వైరు దాని వెనకనుంచే పోవాలి, ముందునుంచి కాదు.

• ఇంజిన్ పది నిమిషాలు నడిపి వైరు, అడాప్టర్ తాకి చూడండి. వైరు వెచ్చబడిందంటే విప్పేయండి.