సీమ మీద కొత్త నాటిక రాశారా? ఆడే ముందు చదివి వినిపించండి

కర్నూలు, అనంతపురం, కడప వైపు కొత్తగా నాటిక రాసేవాళ్లు చాలామంది రాత అయిపోగానే నేరుగా రిహార్సల్స్‌కు దిగుతారు. డైలాగులు బట్టీ పట్టించి, సెట్ వేయించి, మేకప్ మనిషిని మాట్లాడుకుని, బండి కట్టుకుని నాటిక పోటీలు పెట్టే పరిషత్తుకు వెళ్లి ఆడేశాక గానీ రెండో సీనులో జనం ఫోన్లు చూసుకుంటున్నారన్న సంగతి తెలియదు. అప్పటికి చేతిలో డబ్బూ ఉండదు, మార్చే ఓపికా ఉండదు. దీనికి ఖర్చు లేని మార్గం ఒకటుంది. కొత్త నాటికను ముందు నలుగురిలో చదివించాలి.

అమెరికాలో అపలాచియా అనే కొండప్రాంతం ఉంది, న్యూయార్క్ రాష్ట్రం దక్షిణ కొస నుంచి మిసిసిపీ దాకా 13 రాష్ట్రాల్లో పరుచుకుని ఉంటుంది. బొగ్గు గనులు, అవి మూతపడిన ఊళ్లు, పని కోసం డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీలకు పోయిన కుటుంబాలు, ఇదీ అక్కడి బతుకు. కానీ బయటివాళ్లకు ఆ పేరు చెబితే గుర్తొచ్చేది 19వ శతాబ్దం చివర్లో హాట్‌ఫీల్డ్, మెకాయ్ కుటుంబాల మధ్య నడిచిన పగ, తుపాకులు. మనకు సుమోలు, నాటుబాంబులు అంటగట్టారు చూడండి, సరిగ్గా అలాగే. ఆ ప్రాంతంలోనే, వర్జీనియాలోని అబింగ్డన్ అనే చిన్న ఊళ్లో బార్టర్ థియేటర్ ఉంది. పంట అమ్ముడుపోక రైతుల చేతిలో రూపాయి ఆడని 1933లో రాబర్ట్ పోర్టర్‌ఫీల్డ్ అనే నటుడు దాన్ని మొదలుపెట్టాడు, టికెట్ 40 సెంట్లు, అది లేకపోతే అంత విలువకు కూరగాయలో కోడో తెచ్చి ఇవ్వొచ్చు. అదే థియేటర్ 2001లో అపలాచియా నాటకాలకు ప్రత్యేకంగా ఒక ఉత్సవం పెట్టింది. రాసినవాళ్లు అక్కడివాళ్లయినా అయ్యుండాలి, కథ అక్కడైనా జరగాలి. ఎంచుకున్న కొత్త నాటకాలను నటులు కాగితాలు చేత్తో పట్టుకుని ప్రేక్షకుల ముందు చదువుతారు, తర్వాత అందరూ కూర్చుని మాట్లాడుకుంటారు. అలా చదివినవాటిలో కొన్ని తర్వాత పూర్తి ప్రదర్శనలుగా వచ్చాయి. ఈ పద్ధతి మనకు ఇంకా ఎక్కువ అవసరమని నా నమ్మకం, ఎందుకంటే సీమ గురించి రాసేటప్పుడు మనం కూడా తెలియకుండానే సినిమాలో చూసిన సీమనే రాస్తుంటాం.

అందుకే వస్తువు దగ్గరే జాగ్రత్త పడండి. ఫ్యాక్షన్ మీద రాయొద్దని కాదు, నిజంగా మీ ఇంటిని తాకిన సంగతైతే రాయండి. లేదంటే చుట్టూ చూడండి, ఎన్ని లేవు? తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో తలొంచుకుని వజ్రాలు వెతికే జనం, ధర్మవరం మగ్గం మీద పట్టుచీర నేసి అదే చీర కట్టుకోలేని ఇల్లు, రాయచోటి వైపు భర్త గల్ఫ్‌లో ఉంటే ఇక్కడ ఒంటరిగా సంసారం ఈదే మనిషి, గండికోట రిజర్వాయరు నీళ్లలో ఊరు మునిగి కొత్త కాలనీలో అరుగు లేని ఇంట్లో కూర్చున్న ముసలాయన. ఒక్కటి తీసుకోండి చాలు, అన్నీ ఒకే నాటికలో కుక్కొద్దు.

తీసుకున్నాక ఉపన్యాసం రాయకండి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ఏటా ఊళ్లకు ఊళ్లే మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి పోతాయి కదా, దాని మీద రాసేవాళ్లు మొదటి పేజీలోనే ఒక పాత్ర చేత కరువు గురించి, ప్రభుత్వాల గురించి ఐదు నిమిషాలు మాట్లాడిస్తారు. దానికి బదులు ఇంత చాలు: బయట లారీ హారన్ కొడుతోంది, కోడలు తలుపుకు తాళం వేసింది, అత్త పక్కింటి అరుగు మీద కూర్చుని ఉంది.

"బియ్యం డబ్బాలో ఉండాయి అత్తా. పిల్లోడు బడి ఎగ్గొడితే నాకు ఫోన్ చెయ్యి."

"ఫోన్‌లో కరెన్సీ అయిపోయి నెలాయె కదమ్మే."

ఆమె ఒక్క క్షణం ఆగి, కొంగు ముడి విప్పి, తాళంచెవితో పాటు యాభై రూపాయల నోటు అత్త చేతిలో పెట్టి లారీ వైపు పోతుంది. చూసేవాళ్లకు మిగతాది మీరు చెప్పనక్కర్లేదు.

యాస విషయంలో ఒక మాట. సీమంతా ఒకటే యాస కాదు, ఆదోనిలో కన్నడం కలుస్తుంది, మడకశిర, హిందూపురంలో ఇంకా ఎక్కువ కలుస్తుంది, కర్నూలు పాతబస్తీలో ఉర్దూ దొర్లుతుంది, కడపలో జేజి అనే మనిషిని ఇంకోచోట అవ్వ అంటారు. మీ పాత్ర ఏ మండలం మనిషో నిర్ణయించుకుని చివరిదాకా దాని మీదే నిలబడండి. వాక్యానికో "ఏంది రా" తగిలిస్తే అది సీమ అయిపోదు.

ఇంకొకటి, ఆడపాత్రలు. ఆర్టిస్టును పిలిపిస్తే ఖర్చవుతుందని మనవాళ్లు రాసేటప్పుడే వాటిని ఒకటికో రెండుకో తగ్గించేస్తారు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో పుట్టిన సురభి నాటక సమాజాల్లో ఇంటి ఆడవాళ్లే వేషాలు కట్టిన నేల మనది, ఇక్కడ ఈ కరువేంటి? చదవడానికైతే మేకప్ లేదు, బస లేదు, ఊళ్లో టీచరమ్మనో, డిగ్రీ చదివే అమ్మాయినో, డ్వాక్రా సంఘంలో గట్టిగా మాట్లాడే అక్కనో అడిగితే వస్తారు. కాబట్టి కథకు ఎంతమంది కావాలో అంతమందిని రాసుకోండి.

ఇక చదివే రోజు. ఆదివారం సాయంత్రం స్కూలు వరండా గానీ గ్రంథాలయం గానీ చాలు, బుడ్డలు (వేరుశెనగ) పీకే అక్టోబరు, నవంబరుల్లో మాత్రం పెట్టకండి, మీకు కావాల్సిన మనుషులే రారు. పాత్రకొకరు, రంగ సూచనలు చదవడానికి విడిగా ఒకరు కావాలి. ఈ మనిషి గొంతు నిదానంగా ఉండాలి, లేకపోతే ఎవరు వచ్చారో ఎవరు పోయారో వినేవాళ్లకు తెలియదు. ముందు రెండుసార్లు కూర్చుని చదువుకుంటే సరిపోతుంది, అంతకు మించితే నటన మొదలైపోయి రాతలో లోపాలను గొంతు కప్పేస్తుంది. పాటలు, మ్యూజిక్ వద్దు. పాతిక ముప్పై మందిని పిలవండి, వాళ్లలో సగం మంది ఆ బతుకు బతికినవాళ్లే ఉండాలి. సుగ్గి మీద రాస్తే సుగ్గికి పోయొచ్చినవాళ్లు, మగ్గం మీద రాస్తే నేసేవాళ్లు. జాతరల్లో రాత్రంతా పద్యనాటకం ఆడిన పెద్దలు ఒకరిద్దరుంటే ఇంకా మంచిది, ఏ మాట నోటికి ఎక్కదో వాళ్లకు వెంటనే తెలుస్తుంది.

రాసినవాళ్లు చదవకూడదు. ఒక కాపీ, పెన్సిల్ తీసుకుని జనం కనబడేలా పక్కన కూర్చోండి. కుర్చీలు కిర్రుమన్నచోట, ఎవరైనా టైం చూసుకున్నచోట గీత పెట్టండి. మీరు ఏడుస్తారనుకున్నచోట నవ్వితే దానికి వేరే గుర్తు పెట్టండి.

అయిపోయాక చర్చ ఇంకొకరు నడపాలి, మీరు నోరు మెదపకూడదు. "ఎలా ఉంది?" అని అడిగితే అందరూ బాగుందనే అంటారు, మనవాళ్లకు మొహమాటం ఎక్కువ. అందుకే సూటిగా అడిగించండి: ఎక్కడ మనసు పక్కకు పోయింది, ఏ మాట మీ ఊళ్లో ఎవరూ అనరు, ఏ మనిషి గురించి ఇంకా తెలుసుకోవాలనిపించింది. ఎవరో ఒకరు లేచి కథ మొత్తం తాను ఎలా రాసేవాడో చెబుతారు, విని నమస్కారం పెట్టండి, టెన్షన్ పడొద్దు. కానీ ముగ్గురు నలుగురు ఒకేచోట తడబడ్డారంటే అక్కడ తప్పు రాతదే. ముఖ్యంగా ఆ పని చేసే మనిషి "మేం అట్ల అనం" అంటే వాదించకుండా, మరి ఎట్ల అంటారో అక్కడికక్కడే అడిగి రాసుకోండి.

పరిషత్తుకు పంపేముందు నియమావళి తెప్పించుకుని చదవండి, ముందే నలుగురిలో చదివినది కొత్త నాటికగా ఒప్పుకుంటారో లేదో కనుక్కోండి, తేదీ వేసిన కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. చదివిన రోజు పట్టిన సమయం కూడా రాసి పెట్టుకోవాలి. స్టేజీ మీద నడకలు, నిశ్శబ్దాలు, చప్పట్లు కలిస్తే అది తప్పకుండా పెరుగుతుంది, కాబట్టి చదవడానికే పరిషత్తు ఇచ్చిన సమయమంతా పట్టిందంటే పెన్సిల్ గీతలున్న పేజీలతో కోత మొదలుపెట్టండి.