గ్రంథాలయ వారోత్సవాలు: పుస్తకం విద్యార్థి చేతికి చేరేదాకా

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుపుకుంటాం. రిబ్బను కత్తిరించడం, దీపం వెలిగించడం, ముగ్గురు అతిథుల ప్రసంగాలు, పుస్తకాల బల్ల ముందు గ్రూపు ఫొటో. చాలాచోట్ల ఇక్కడితో అయిపోతుంది. 21న ఇష్యూ రిజిస్టరు తెరిచి చూస్తే అంతకుముందు వారానికీ ఈ వారానికీ తేడా కనిపించదు. అలా కాకుండా, లైబ్రరీకి వచ్చిన ప్రతి విద్యార్థీ మూడు పనులు తన చేత్తో చేసి వెళ్లేలా ఈ వారాన్ని ఎలా నడపాలో తిరుపతి, చిత్తూరు కళాశాలల లైబ్రేరియన్లకూ విద్యార్థి వలంటీర్లకూ ఇక్కడ చెబుతున్నాం. నంబరు చూసి ర్యాకులో పుస్తకం వెతకడం, దాన్ని తన పేరిట ఇష్యూ చేయించుకోవడం, సొంత ఫోనులో ఒక్కసారైనా ఈ-వనరుల్లోకి లాగిన్ కావడం. ఆ మూడు పనులు ఇవే.

ముందు క్యాలెండరు

తేదీలు దేశమంతటికీ ఒకటే అయినా మన ఊరికి మూడు అడ్డంకులు ఉన్నాయి. సెమిస్టర్ పరీక్షల టైంటేబులు మొదటిది. రెండోది తిరుచానూరు అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాలు. ఇవి కొన్నేళ్లు వారోత్సవాల్లోనే వచ్చి పడతాయి. 2023లో ఆ ఉత్సవాల చివరి రోజైన పంచమి తీర్థం నవంబరు 18న వచ్చింది. ఆ రోజు తిరుచానూరు వైపు రోడ్లన్నీ జనంతో నిండిపోతాయి కాబట్టి ముఖ్యమైన కార్యక్రమం ఏదీ పెట్టుకోకండి. మూడోది వాన. ఈశాన్య రుతుపవనాలు మనకు గట్టిగా కురిసేది ఈ నెలలోనే. 2021లో సరిగ్గా వారోత్సవాల రోజుల్లోనే తిరుపతి వీధులు వరద నీట మునిగాయి. అందుకే షామియానా కింద, వసారాలో ప్రదర్శన అనే ఆలోచన మొదట్లోనే వదులుకోండి. పుస్తకాలు లోపలి హాల్లోనే ఉండాలి, కిటికీకి ఎదురుగా ఉండకూడదు.

మూడు వారాల ముందు పని మొదలుపెడితే చాలు. అతిథికి ఉత్తరం, విద్యార్థుల ఈమెయిళ్ల సేకరణ మాత్రం మొదటి వారంలోనే అయిపోవాలి.

ప్రదర్శన

ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న బల్లమీద అట్ట పైకి కనిపించేలా పరిస్తే ఇరవై పుస్తకాలు హాయిగా పడతాయి. ముప్పై పెట్టడానికీ చోటుంటుంది గానీ, అప్పుడు ఒకటి తీస్తే పక్కవి జారిపడతాయి, ఎవరూ చెయ్యి పెట్టరు. ఎనిమిది బల్లలు, నూట అరవై పుస్తకాలు ఒక డిగ్రీ కళాశాలకు సరిపోతాయి. బీకాం, బీఎస్సీ, బీఏ అని కోర్సులవారీగా విడగొట్టకండి, ఎవరి బల్ల దగ్గర వాళ్లే నిలబడిపోతారు. ‘నీళ్లు’, ‘లెక్క’, ‘రాయలసీమ’ లాంటి మాటలతో బల్లలకు పేర్లు పెట్టండి. ‘నీళ్లు’ బల్లమీద రసాయనశాస్త్రం, చెరువుల చరిత్ర, కథల పుస్తకం పక్కపక్కనే పడతాయి.

ర్యాకులోంచి తీసిన ప్రతి పుస్తకం స్థానంలో ఒక అట్టముక్క నిలబెట్టండి. దానిమీద యాక్సెషన్ నంబరు (లైబ్రరీలో చేరినప్పుడు ఆ ప్రతికి ఇచ్చిన నంబరు), కాల్ నంబరు (ర్యాకులో దాని చోటు చెప్పే, వెన్నుమీది లేబులు నంబరు), బల్ల పేరు రాయాలి. లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహా వాడుతుంటే బార్‌కోడ్లన్నీ ఒకేసారి స్కాన్ చేసి, బ్యాచ్ ఐటం మాడిఫికేషన్‌లో షెల్వింగ్ లొకేషన్‌ను ‘డిస్‌ప్లే’గా మార్చండి. ఇది మరిచిపోతే లైబ్రరీ ఆన్‌లైన్ పుస్తకాల జాబితా అయిన ఓపాక్‌లో పుస్తకం ర్యాకులోనే ఉందని చూపిస్తుంది. విద్యార్థి వెళ్లి చూస్తే ఉండదు, రెండోసారి ఓపాక్ తెరవడు. అదే చోట ‘నాట్ ఫర్ లోన్’ అని పెట్టడం అంతకంటే పెద్ద పొరపాటు. ప్రదర్శనలో నచ్చిన పుస్తకాన్ని అక్కడికక్కడే ఇవ్వగలగాలి. అందుకే బల్లల చివర ఒక కంప్యూటరు, స్కానరు పెట్టి ఇష్యూ కౌంటరు నడపండి. బల్లమీద ఖాళీ పడితే మరో పుస్తకం తెచ్చి పెట్టండి. ఖాళీ అవుతున్న బల్ల కంటే మంచి ప్రదర్శన ఉండదు.

నంబరు వేట

ర్యాకు దగ్గరికి వెళ్లి పుస్తకం తీయడం రానివాళ్లే మొదటి సంవత్సరంలో ఎక్కువ. ఇది ఉపన్యాసంతో రాదు. ఇద్దరిద్దరిని జట్లు చేసి, ఒక్కో జట్టుకు ఐదు కాల్ నంబర్ల చీటీ ఇచ్చి, ఇరవై నిమిషాలు గడువు పెట్టండి.

ఒక్కో విషయానికి ఒక్కో నంబరు ఇచ్చే డ్యూయీ దశాంశ పద్ధతిలో సర్దిన లైబ్రరీ అయితే అందరూ ఒకేచోట తప్పుతారు. 005.2 ముందా, 005.133 ముందా అంటే చాలామంది 005.2 అంటారు, రెండు కంటే నూట ముప్పై మూడు పెద్దది గనక. ఇవి దశాంశాలు. చుక్క తర్వాత ఒక్కో అంకెనే చూసుకుంటూ పోవాలి. ఒకటి రెండు కంటే చిన్నది, కాబట్టి 005.133 ముందు వస్తుంది. వేటకు ముందు బోర్డుమీద ఈ ఒక్క లెక్క చేయించండి చాలు. నంబరు ఒకటే అయినప్పుడు కింద ఉన్న అక్షరాలు చూడాలని తర్వాత చెప్పండి.

చీటీల్లో తెలుగు సాహిత్యం తప్పకుండా ఉండాలి. దాని డ్యూయీ సంఖ్య 894.827. చివర 1 చేరితే కవిత్వం, 2 చేరితే నాటకం, 3 చేరితే కథలూ నవలలూ. ఆంధ్రప్రదేశ్ చరిత్రకు 954.84, అకౌంటింగుకు 657, సేంద్రియ రసాయనానికి 547. ఐదు పుస్తకాలూ తెచ్చిన జట్టుకు బహుమతిగా పెన్ను వద్దు. ఆ ఐదింటిలో ఒకటి మామూలు గడువుకు ఇంకో వారం కలిపి ఇవ్వండి.

ఫోనులో లైబ్రరీ

మొత్తం వారంలో తడబాట్లన్నీ ఇక్కడే జరుగుతాయి. ఇరవై మంది చొప్పున బ్యాచ్‌లు పెట్టండి, ఒక్కో బ్యాచ్‌కు నలభై ఐదు నిమిషాలు. అరవై మందిని కూర్చోబెడితే ఒకే వైఫై రూటరు మీద అందరూ ఒకేసారి పడి పేజీ తెరుచుకోదు. మొబైల్ డేటా ఉన్నవాళ్లను దాన్నే వాడుకోమనండి.

కళాశాలలకు ఈ-పుస్తకాలు, జర్నళ్లు అందించే ఎన్‌-లిస్ట్ సభ్యత్వం ఈ ఏడాదికి కొనసాగుతోందో లేదో ముందే చూసుకోవాలి. విద్యార్థి ఖాతాలు కళాశాల అడ్మిన్ లాగిన్ నుంచే చేర్చాలి, కాబట్టి కనీసం వారం ముందు పేర్లు, ఈమెయిళ్లు తీసుకోండి. కాగితం మీద రాయించుకుంటే ‘జీమెయిల్’లో ఒక అక్షరం పోయి, చుక్క బదులు కామా పడి, పదిమందికి పాస్‌వర్డు రాదు. గూగుల్ ఫారంలో వాళ్ల ఫోను నుంచే నింపించండి. పాస్‌వర్డు రాలేదన్న వాళ్లను ముందు స్పామ్ ఫోల్డరు చూడమనండి.

నేషనల్ డిజిటల్ లైబ్రరీకి కళాశాల ప్రమేయం అక్కర్లేదు, విద్యార్థి సొంతంగా నమోదు కావచ్చు. దీన్ని నడిపేది ఐఐటీ ఖరగ్‌పూర్. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలుండే శోధ్‌గంగకు లాగిన్ కూడా అక్కర్లేదు. విశ్వవిద్యాలయాల జాబితాలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం తెరిచి, అందులో శాఖ ఎంచుకుంటే మన చుట్టూ జరిగిన పరిశోధనలే కనిపిస్తాయి. ఒక్కో అధ్యాయం విడి పీడీఎఫ్‌గా ఉంటుంది. మొత్తం గ్రంథం దించుకోవాల్సిన పని లేదు, కావలసిన అధ్యాయం తీసుకుంటే డేటా మిగులుతుంది. ప్రభుత్వ కళాశాల అయితే 2025 జనవరిలో మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద 30 ప్రచురణకర్తల జర్నళ్లు 13,000 దాకా తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే కళాశాల నమోదు పూర్తయిందా, మీరున్నది కళాశాల నెట్‌వర్కులోనేనా అన్నది ముందు చూడండి.

వెతకడం నేర్పకుండా లాగిన్ నేర్పితే ఫలితం లేదు. మన ఊరి పేరుతోనే మొదలుపెట్టించండి. ఇంగ్లీషు అక్షరాల్లో ‘తిరుపతి’ని చివర ‘టి’ పక్కన ‘హెచ్’ పెట్టి కొందరు, పెట్టకుండా కొందరు రాస్తారు. చిత్తూరును రెండు ‘ఓ’లతో ఒకరు, ‘యు’తో ఇంకొకరు రాస్తారు. ఒక రూపంతో వచ్చినవి రెండో రూపంతో రాకపోవచ్చు, అందుకే రెండూ వెయ్యాలి. తెలుగు లిపిలో కూడా అంతే. ఎక్కించినవాళ్లు ‘గ్రంథం’ను ‘గ్రంధం’ అని కొట్టి ఉంటే సరైన మాటతో వెతికినవాడికి ఆ పుస్తకం దొరకదు. ఏమీ రాకపోతే మాటలో అనుమానం ఉన్న అక్షరాన్ని మార్చి చూడమనండి. మీ ఓపాక్‌లో ఇలాంటి తప్పులు బయటపడితే రాసిపెట్టుకుని వారోత్సవాలయ్యాక సరిదిద్దండి. మనకు ఈ వారం ఇచ్చే పెద్ద లాభాల్లో ఇదొకటి.

అతిథి, తాటాకులు

ఒక్క అతిథి చాలు, ఇరవై నిమిషాలు మాట్లాడి ఇరవై నిమిషాలు ప్రశ్నలు తీసుకునేవారై ఉండాలి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధనాలయం, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉండగా తాళపత్రాల గురించి చెప్పేవారి కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. ఉత్తరం ప్రిన్సిపాలు సంతకంతో, రెండు వారాల ముందే పోవాలి.

కానీ అసలు తాళపత్రాలను తెచ్చి చూపమని అడగకండి. తేమ మారితే ఆకు వంకరపోతుంది. తాడు దూర్చే రంధ్రం దగ్గర పట్టి లాగితే అక్కడే చీలుతుంది. పెద్దసైజు ఫొటో ప్రింట్లు తీయించి పెడితే అక్షరం కూడా ఇంకా బాగా కనిపిస్తుంది.

వాన తడిపితే

ఎంత జాగ్రత్తపడినా నవంబరులో ఒకటి రెండు పుస్తకాలు తడుస్తాయి. ఎక్కువగా బ్యాగులోంచి తిరిగొచ్చేవే. వాటిని ఎండలో పెట్టకండి, అట్ట వంకరపోయి వెన్ను ఊడుతుంది. తడిసిన పేజీలను బలవంతంగా విడదీయకండి. కొద్దిగా తడిస్తే పుస్తకాన్ని నిలబెట్టి, విసనకర్రలా తెరిచి, ఫ్యాను గాలికి ఉంచండి. ఎక్కువ తడిస్తే పది, పదిహేను పేజీలకొక తెల్ల కాగితం పెట్టి, అది తడవగానే మారుస్తుండాలి. అచ్చయిన న్యూస్‌పేపరు వద్దు, సిరా పేజీకి అంటుకుంటుంది. నున్నటి మెరుపు కాగితం పుస్తకాలది వేరే సంగతి. మూసినట్టే ఆరితే పేజీలు ఒకదానికొకటి అతుక్కుని ఇక విడిరావు, కాబట్టి ముందు వాటి సంగతి చూడండి. 48 గంటలు దాటితే బూజు మొదలవుతుంది. బూజు కనిపించినదాన్ని విడిగా కవరులో వేసి మిగతావాటికి దూరంగా పెట్టాలి.

21వ తేదీ

ఇష్యూల సంఖ్యను అంతకుముందు వారంతో పోల్చి రాసుకోండి, వచ్చే ఏడు ఏ బల్ల ఉంచాలో ఏది తీసేయాలో అదే చెబుతుంది. కోహాలో మార్చిన లొకేషన్లన్నీ వెనక్కి మార్చండి. తర్వాత పుస్తకాలు ర్యాకుల్లో పెడుతూ అట్టముక్కలు తీయండి. చివరికి మిగిలిన ప్రతి అట్టముక్క నంబరునూ ఇష్యూ జాబితాతో సరిచూడండి. ఎవరో ఒకరి పేరు దొరికితే ఆ ముక్క తీసేయవచ్చు, దొరకకపోతే పుస్తకం కనబడేదాకా అది ర్యాకులోనే ఉండాలి.