సిక్లిడ్ చేపల జత కడుతున్నారా? అడ్డు తీసి నిద్రపోకండి

మొన్న ఆదివారం పొద్దున ఆరున్నరకు మా వీధి చివరి కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, రాత్రి బాగానే ఉన్నాయి, మూతులు కూడా కలిపాయి. ఇప్పుడు ఆడది కదలట్లేదు" అన్నాడు. వెళ్లి చూశాను. స్పాంజ్ ఫిల్టర్‌కీ గాజుకీ మధ్య నాలుగు వేళ్లు పట్టే సందులో ఇరుక్కుని ఉంది ఆ ఆడ ఫ్లవర్‌హార్న్, సిక్లిడ్లలో ఒక రకం. తోక అంచులు పీలికలైపోయాయి. ఒక కన్ను లేదు. ఒక పక్క పొలుసులు ఊడి తెల్లటి కండ కనిపిస్తోంది. దాని పక్కనుంచే గాలి బుడగలు పైకి పోతున్నాయి. మగది మాత్రం మమ్మల్ని చూసి గాజు దగ్గరికి వచ్చి మేత కోసం ఒళ్లంతా ఊపుతోంది.

ఆ మగదాన్ని తిట్టి లాభం లేదు. ట్యాంకు మధ్యలో రెండు చేపల్నీ విడదీసి ఉంచే అడ్డును రాత్రి పదకొండుకు తీశారు, పది నిమిషాలు చూశారు, లైటు ఆర్పి పడుకున్నారు. ఇన్నేళ్లలో నేను చూసిన చావుల్లో ఎక్కువ ఇలా జరిగినవే. అందుకే ఇది ఎన్నిసార్లైనా చెప్తాను: అడ్డు తీస్తే పక్కనే ఉండండి. ఉండలేకపోతే తీయకండి.

ఇప్పుడు ఎండలు ముదురుతున్నాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ సిక్లిడ్లకు ఆకలి, దూకుడు, గుడ్లు పెట్టే తొందర అన్నీ పెరుగుతాయి. నీళ్లలో ఆక్సిజన్ మాత్రం తగ్గుతుంది. కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగితే, దెబ్బలు తిని దాక్కున్న చేప పైకి వచ్చి గాలి అందుకునే వీలు కూడా ఉండదు. పైగా పిల్లలకు సెలవులని మనం ఊళ్లకు వెళ్లేదీ ఇప్పుడే.

అడ్డు తీసే ముందు

కనీసం రెండు వారాలు మధ్యలో అడ్డు ఉంచి ఒకదాన్నొకటి చూసుకోనివ్వండి. అడ్డుకు రంధ్రాలు ఉండాలి. నీళ్లు అటూ ఇటూ పారితేనే ఒకదాని వాసన ఇంకోదానికి తెలుస్తుంది. ట్యూబులైట్ల కింద బిగించే తెల్ల ప్లాస్టిక్ గళ్ల షీటు సరిపోతుంది, లేదా బెజ్జాలు కొట్టిన ఆక్రిలిక్ షీటు. కింద గులకరాళ్లలో గట్టిగా దిగాలి, పైన మూత దాకా ఉండాలి. నీటి మట్టం పైకి రెండంగుళాలే ఉంచితే మగది దూకేస్తుంది.

తర్వాత ఆడదాని పొట్ట కింద చూడండి. గుడ్లు పెట్టడానికి కొద్దిగా ముందు అక్కడ మొద్దుగా ఒక చిన్న గొట్టం దిగుతుంది. మగదానిది సన్నగా, మొనదేలి ఉంటుంది. ఆడది అడ్డు దగ్గరికి తనే వచ్చి ఒళ్లు వణికిస్తూ, గుడ్లు పెట్టే రాతి పలకను మూతితో గీకి శుభ్రం చేస్తుంటే సిద్ధమైనట్టు. మూలన నక్కి ఉంటే ఇంకా కాలేదు. సిద్ధం కాని ఆడదాన్ని మగది తన చోట్లోకి జొరబడ్డ పరాయి చేపలాగే చూస్తుంది. నదిలో అయితే ఓడిన చేప కొంత దూరం పారిపోతే గొడవ తీరిపోతుంది. నాలుగడుగుల గాజుపెట్టెలో పారిపోయే చోటేది? ఎటు వెళ్లినా దాని కళ్లముందే ఉంటుంది, అది తరుముతూనే ఉంటుంది.

ఆడదాన్ని తెచ్చి మగదాని ట్యాంకులో వేయకండి. మగదాన్నే ఆడదాని ట్యాంకులోకి తేండి. ఆ రోజే రాళ్లూ కుండలూ చోట్లు మార్చేయండి. ఎవరి ఇలాకా ఏదో తెలియని అయోమయంలో రెండూ కాస్త తగ్గి ఉంటాయి.

ఫ్లవర్‌హార్న్ అయితే అడ్డు అసలు తీయకుండానే పని జరుగుతుంది. 1990లలో మలేషియాలో సంకరం చేసి తయారుచేసిన చేప ఇది, కోపం ఎక్కువ. గళ్ల షీటుకు ఆనించి ఆడదాని వైపు టైలు ముక్క పెట్టండి. ఆడది దాని మీద గుడ్లు పెడితే మగది అవతలి నుంచే వీర్యం వదులుతుంది, పంపు ప్రవాహం దాన్ని ఇవతలికి తోస్తుంది. అన్ని గుడ్లూ ఫలించవు, కొన్ని తెల్లబడి బూజు పడతాయి. పడనివ్వండి. ఆడది బతికి ఉంటుంది కదా.

అడ్డు తీసిన తర్వాత

సెలవు రోజు పొద్దున తీయండి. ట్యాంకు ముందు కుర్చీ వేసుకుని, అడ్డు చేతికి అందేలా పెట్టుకుని కూర్చోండి. మూడు నాలుగు గంటలు. ఫోన్ చూస్తూ కాదు, చేపల్ని చూస్తూ.

మూతులు కలిపి లాక్కోవడం చూసి చాలామంది జత కుదిరిందని సంబరపడతారు. అది బలం చూసుకోవడం. రెండూ సమానంగా లాగి, విడిచి, మళ్లీ పక్కపక్కన నిలబడితే మంచిదే. ఒకటే వదిలించుకుని పారిపోతూ, రంగు పాలిపోయి, రెక్కలు ముడుచుకుని నీటి పైమూలకు చేరిందంటే అయిపోయింది. వెంటనే అడ్డు పెట్టండి. "ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం" అనకండి. ఆ ఐదు నిమిషాల్లోనే కళ్లు పోతాయి.

అంతా బాగున్నా సరే, సాయంత్రానికి అడ్డు మళ్లీ పెట్టి పడుకోండి. రెండో రోజూ అంతే.

ఒకసారి గుడ్లు పెట్టాయి కాబట్టి ఇక భయం లేదనుకునేవాళ్లకు మా ఇంటి సంగతి చెప్తాను. నల్లచారల కన్విక్ట్ సిక్లిడ్ల జత మా దగ్గర నాలుగుసార్లు పిల్లల్ని చేసింది. ఐదోసారి పిల్లలు ఈదడం మొదలుపెట్టిన మూడో రోజు మేం పెళ్లికి రాజమండ్రి వెళ్లాం. ఒక్క రాత్రి. తిరిగొచ్చేసరికి ఆడది హీటర్ వెనక చచ్చిపడి ఉంది, నలుసుల్లాంటి పిల్లలన్నీ మగదాని చుట్టూ తిరుగుతున్నాయి. మగది మళ్లీ గుడ్లకు తొందరపడుతుంది, ఆడది ఇంకా పిల్లల కాపలాలో ఉంటుంది. అప్పుడు పాత జతలు కూడా విడిపోతాయి. నాలుగుసార్లు కలిసి ఉన్నాయని ఐదోసారి నమ్మాను. మీరు నమ్మకండి.

రెండు జతలు ఒకే ట్యాంకులోనా?

నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకులో సుమారు 250 లీటర్ల నీళ్లు పడతాయి. అది ఒక్క పెద్ద జతకే చాలీచాలని చోటు. రెండో జతను వేస్తే గెలిచిన జత సగానికి పైగా ఆక్రమించి, ఓడినదాన్ని ఒక మూలకు నెట్టేస్తుంది. ఏంజెల్ చేపలు సాధువుల్లా కనిపిస్తాయి కానీ అవీ సిక్లిడ్లే. ఆరు పిల్లలు కలిపి పెంచుతుంటే ఏదో ఒక రోజు రెండు జతపడి, మిగతా నాలుగింటినీ ఒక పక్కకు తరుముతాయి. అది కనిపించిన రోజే నాలుగింటినీ తీసేయండి. పక్క ట్యాంకులో ఇంకో మగది కనిపిస్తుంటే మధ్య గాజుకు కాగితం అంటించండి. దాన్ని అందుకోలేని కోపం ఆడదాని మీద తీరుతుంది.

ఇక మిగతావి.

దాక్కునే చోట్లు ఒకటి కాదు, మూడు నాలుగు పెట్టండి. పీవీసీ పైపు ముక్కలు మేలు, ఆడది పట్టి మగది పట్టని సైజు. రెండు వైపులా తెరిచి ఉండాలి. ఒక వైపే తెరిచి ఉంటే మగది ముందు కాపు కాస్తుంది, లోపలిది చస్తుంది.

మగది ఆడదానికంటే బాగా పెద్దదైతే ఆ జత వద్దు.

ఈ నెలల్లో హీటర్ ఆపేయండి.

చల్లటి నీళ్లతో ఎక్కువగా నీరు మారిస్తే గుడ్లకు పురిగొల్పినట్టే. ఊరికి వెళ్లే ముందు రోజు ఆ పని చేయకండి.

కొళాయి నీళ్లలో క్లోరిన్ విరిచే మందు కలపకుండా పోయకండి.

ట్యాంకులో చేయి పెట్టే ముందు ప్లగ్గులన్నీ పీకండి. గుడ్లున్న చేప చేతిని కరుస్తుంది, ఉలిక్కిపడితే గాజు హీటర్ పగులుతుంది. హీటర్‌కు ప్లాస్టిక్ తొడుగు వేయండి.

దెబ్బ తిన్నదాన్ని వెంటనే వేరే తొట్టిలోకి మార్చండి. 10 లీటర్లకు 10 గ్రాముల అయోడిన్ లేని రాళ్ల ఉప్పు, ముందే కరిగించి పోయండి. గాలి గట్టిగా పెట్టండి. నాలుగు రకాల మందులు కలిపి పోయకండి.

మానిన వెంటనే మళ్లీ అదే మగదాని దగ్గర వేయకండి. నెల ఆగండి.

ఎక్కువైన పిల్లల్ని చెరువులో, కాలువలో వదలకండి. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా చేప కూడా సిక్లిడ్ల కుటుంబమే, అది ఎన్ని చెరువుల్లో పాతుకుపోయిందో చూస్తూనే ఉన్నాం.

రాత్రి అడ్డు తీయకండి. ఆఫీసుకు వెళ్లే ముందు తీయకండి. చుట్టాలు వచ్చినప్పుడు చూపించడానికి తీయకండి.

ఊరికి వెళ్తున్నారా? అడ్డు పెట్టండి. గుడ్లున్నా పెట్టండి, పిల్లలున్నా పెట్టండి. ఎదిగిన చేపలు మూడు నాలుగు రోజులు మేత లేకపోయినా ఉంటాయి. తాళం ఇచ్చిన పక్కింటివాళ్లకు కరెంటు పోతే బ్యాటరీ పంపు ఎలా పెట్టాలో చూపించండి, అడ్డు మాత్రం ముట్టుకోవద్దని రెండుసార్లు చెప్పండి.