హాల్లో ఆసుపత్రి కళ పోయింది

మా ఫ్లాట్ హాల్లో తెల్ల గోడలు, తెల్ల టైల్స్, బూడిద రంగు సోఫా. పగలు బాగానే ఉండేది, రాత్రి లైటు వేస్తే ఆసుపత్రి వరండానే. పెయింట్ మార్చమన్నారు అందరూ. నేను ముందు బల్బు మీద రాసింది చూశాను: 6500 కెల్విన్. కెల్విన్ అంటే వెలుగు రంగును చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు వైపు వెళ్తుంది. 6500 అంటే నీలం కలిసిన తెలుపు. వాటిని తీసేసి 3000 కెల్విన్‌వి, సోఫా పక్క ల్యాంపులో 2700ది పెట్టాను. అవే గోడలు మీగడ రంగులోకి వచ్చాయి! కొనేటప్పుడు సీఆర్‌ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90కి తగ్గకుండా చూసుకోండి, తక్కువైతే ఎరుపు రంగులు వెలవెలబోతాయి. తర్వాత పోచంపల్లి ఇక్కత్ దిండు గలీబులు, టీవీ పక్కన ఏటికొప్పాక లక్క బొమ్మలు చేరాయి. సీలింగ్ మధ్య లైటు ఇప్పుడు ఇల్లు ఊడ్చేటప్పుడే వేస్తున్నాం. వంటింట్లో మాత్రం 4000 ఉంచాను. బియ్యంలో రాళ్లు ఏరడానికి పసుపు వెలుగు పనికిరాదని అమ్మ తేల్చేసింది.