ఓడ ఎక్కకముందే యాప్ వేసుకోండి

క్రూయిజ్ ప్రయాణానికి వెళ్తున్నారా? ఆ సంస్థ యాప్‌ను ఇంటి దగ్గరే ఫోనులో వేసుకుని చెక్-ఇన్, పాస్‌పోర్టు వివరాలు పూర్తిచేయండి. రేవులో వరుసలో నిలబడే బాధ చాలావరకు తగ్గుతుంది. ఓడ కదలగానే ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై మాత్రం ఆన్ చేయండి. ఇది అస్సలు మరవకండి! నడిసముద్రంలో ఫోను ఓడలోని సెల్ నెట్‌వర్క్‌ను పట్టుకుందంటే రోమింగ్ బిల్లు చూసి గుండె గుభేలుమంటుంది. ఇంటర్నెట్ ప్యాకేజీ కొనకపోయినా చాలా ఓడల్లో యాప్ పనిచేస్తుంది. ఆనాటి కార్యక్రమాలు, మీ ఖాతాలో పడిన ఖర్చు అందులోనే కనిపిస్తాయి.

ప్రిన్సెస్ అనే క్రూయిజ్ సంస్థ ఓడల్లోనైతే 2017లో మొదలైన మెడాలియన్ ఉంది. నాణెమంత బిళ్ల. అది ఒంటిమీద ఉంటే గది తాళం దగ్గరికి వెళ్లగానే తెరుచుకుంటుంది. పెద్దవాళ్లతో వెళ్లేవారికి నిజంగా వరం: అన్ని అంతస్తుల్లో అమ్మానాన్నలు ఎక్కడున్నారో యాప్‌లోనే చూసుకోవచ్చు.