బాత్రూం మూలల్లో సందు: నా అనుభవం

నల్లగొండలో మా బాత్రూంకి కొత్త టైల్స్ వేయించిన మూడు నెలలకే పక్క బెడ్రూం గోడకి చెమ్మ. చూస్తే గోడ టైల్, ఫ్లోర్ టైల్ కలిసే చోట తెల్ల సిమెంట్ వెంట్రుకంత పగిలింది. మేస్త్రీ మళ్లీ అదే పూశాడు, మళ్లీ పగిలింది. గోడ, నేల ఒకేలా కదలవు. గట్టిపడ్డ సిమెంట్ సాగదు మరి.

ఈసారి నేనే పాతది గీకేసి, రెండు రోజులు ఆరబెట్టాను (ఎండాకాలం కాబట్టి సరిపోయింది, ఇంట్లో వాళ్ల సణుగుడు వేరే కథ). రెండు వైపులా మాస్కింగ్ టేప్ అంటించి, బూజు పట్టని శానిటరీ సిలికాన్‌ని (ఆరాక కూడా రబ్బరులా సాగే పేస్ట్) గన్‌తో సందులో నింపి, సబ్బునీళ్లలో ముంచిన వేలితో ఒక్కసారి లాగాను. టేప్ వెంటనే పీకాలి. మొదటి మూలలో ఆలస్యం చేస్తే అంచు దాంతోపాటే లేచొచ్చింది. 24 గంటలు నీళ్లు పోయలేదు. టైల్స్ కింద వాటర్‌ప్రూఫింగే పోయుంటే ఇది పనిచేసేది కాదు. వానాకాలం దాటినా గోడ పొడిగానే ఉంది.